దీపం కింద చీకటి, చీకట్లో వేట

జపానుకు ఉత్తరాన హక్కైదో ద్వీపంలో హకోదాతే అనే రేవుపట్టణం ఉంది. వేసవి రాత్రి అక్కడి 334 మీటర్ల కొండ ఎక్కి చూస్తే సముద్రం మీద దీపాలు మిలమిలలాడుతుంటాయి. అవి స్క్విడ్‌లను వేటాడే పడవలు.

స్క్విడ్ అంటే ఎనిమిది చేతులూ, మరి రెండు పొడుగాటి పట్టుచేతులూ ఉన్న మెత్తని జలచరం. రేవుగట్టు మీద నిలబడి గాలం వేసేవాడికి ఒడ్డుదాకా వచ్చినవే ప్రాప్తం. పడవవాడో, వాటి దగ్గరకే వెళతాడు. పైగా పడవకు నీడ ఉంది. కిటుకంతా అందులోనే!

దీపాలను చూసి స్క్విడ్ దరికి వస్తుంది. కాని వెలుగులోకి రాదు. పడవ అడుగు నీడలో పొంచి, వెలుతురులో కదిలేదాని మీదికి ఉరుకుతుంది. అందుకే గాలాలు వెలుగూ నీడా కలిసేచోట ఆడాలి. ఎర అక్కరలేదు, మెరిసే బొమ్మకు చుట్టూ కిరీటంలా ముళ్ళుంటే చాలు. ఆ ముళ్ళకు ఎదురుమొన ఉండదు గనుక, తాడు క్షణం వదులైతే దొరికింది కాస్తా జారిపోతుంది. నేడు పెద్ద పడవలలో ఈ లాగుడు పని యంత్రాలే చేస్తున్నాయి.

ఇంత చేసినా, కొన్నేళ్ళుగా అక్కడ వేట బాగా తగ్గిపోయింది. ఈ జాతి స్క్విడ్ ఆయుష్షు ఒక్క ఏడాదే. గుడ్లు పెట్టి చనిపోతుంది. ఒక ఏడు పిల్లలు బతకకపోతే మరుసటి ఏడు పడవలు ఖాళీయే. గుడ్లు పెట్టే చోట్ల నీటి వేడిమి మారడం ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

ఎన్ని దీపాలు వెలిగిస్తేనేం, నీటిలో లేనిదాన్ని అవి పిలవలేవు కదా!