అక్టోబర్ 14: జపాన్ రైలు పండుగ వెనక అసలు కథ

రైలుకంటూ ఒక రోజు కేటాయించుకున్న దేశం జపాన్. ఆ రోజున పిల్లల్ని వెంటబెట్టుకుని రైలు షెడ్లు చూడటానికి వెళ్లే కుటుంబాలు ఎన్నో. ఈ ‘రైల్వే దినోత్సవం’ చుట్టూ అపోహలకూ కొదవ లేదు.

అపోహ: అది జాతీయ సెలవు దినం.
వాస్తవం: కాదు. బళ్లు, ఆఫీసులు మామూలుగానే నడుస్తాయి. అక్టోబర్ రెండో సోమవారం వచ్చే క్రీడా దినోత్సవానికి మాత్రం సెలవుంది. 2024లో రెండూ ఒకే రోజు పడ్డాయి.

అపోహ: బుల్లెట్ రైళ్ల దేశం కదా, ఆసియాలో తొలి ప్రయాణికుల రైలూ అక్కడిదే.
వాస్తవం: జపాన్ తొలి రైలుకు 19 ఏళ్ల ముందే, 1853 ఏప్రిల్ 16న మన బోరీబందర్ నుంచి ఠాణేకు రైలు నడిచింది.

అపోహ: 1872 అక్టోబర్ 14నే జపాన్‌లో జనం తొలిసారి రైలెక్కారు.
వాస్తవం: షినగావా–యొకొహామా మధ్య జూన్ 12 నుంచే టికెట్ కొన్నవాళ్లు తిరుగుతున్నారు. అక్టోబర్ 14న జరిగింది షింబాషి–యొకొహామా పూర్తి మార్గానికి ప్రారంభోత్సవం. ఆ రోజు రైలెక్కింది మెయిజీ చక్రవర్తి, ఆయన పరివారం. ఆ 29 కిలోమీటర్ల దారిలో మామూలు జనానికి మర్నాటి నుంచి చోటు దొరికింది.

అపోహ: మంచి రోజు చూసి ఆ తేదీ పెట్టారు.
వాస్తవం: చూసిన మంచి రోజు వేరు. పాత పంచాంగం ప్రకారం తొమ్మిదో నెల తొమ్మిదో రోజైన చామంతుల పండుగకు, అంటే అక్టోబర్ 11కు ముహూర్తం పెట్టారు. వాన అడ్డుపడి వేడుక మూడు రోజులు వెనక్కి జరిగింది.

అపోహ: రైలు విషయంలో ప్రభుత్వమంతా ఒక్కమాట మీద ఉంది.
వాస్తవం: ఆ దారిలోని తకనావా దగ్గర సైనిక శాఖ తన స్థలం ఇవ్వనంది. దాంతో ఒడ్డుకు పక్కనే, లోతు తక్కువ సముద్రంలో సుమారు 2.7 కిలోమీటర్ల కట్ట పోసి, దాని మీద పట్టాలు వేశారు. ఆ కట్ట రాళ్లు 2019లో తవ్వకాల్లో బయటపడ్డాయి.

అపోహ: 1872 నుంచీ ఏటా ఈ పండుగ జరుగుతోంది.
వాస్తవం: 1922లో రైల్వే శాఖ దీన్ని ‘రైల్వే స్మారక దినం’గా మొదలుపెట్టింది. ఆ తర్వాత చాలాకాలం ఇది ప్రభుత్వ రైల్వేల పండుగగానే సాగింది. 1987లో ఆ రైల్వేలు ముక్కలై ప్రైవేటు దారి పట్టాయి. 1994లో రవాణా శాఖ ‘రైల్వే దినోత్సవం’ అని పేరు మార్చి, ప్రైవేటు కంపెనీల రైళ్లనూ కలుపుకుంది. చక్రవర్తి రైలెక్కిన 122 ఏళ్లకు గానీ ఇది అన్ని రైళ్ల పండుగ కాలేదన్నమాట.