ఎర్రకోట్ల ఫొటోలో కనపడని మనుషులు

క్రిస్మస్ మర్నాడు, అంటే డిసెంబరు 26న, ఇంగ్లండు పల్లెల్లో ఏటా ఒక తంతు జరుగుతుంది. సంతవీధిలోనో, సారాయి దుకాణం ముందరో గుర్రాల మీద ఎర్రకోట్ల దొరలు, దొరసానులు బారులు తీరుతారు. గుర్రాల కాళ్ల మధ్య వేటకుక్కలు తిరుగాడుతుంటాయి. జీను దిగకుండానే గ్లాసులో ద్రాక్షసారా చేతికి అందుతుంది. దీన్ని వాళ్లు 'మీట్' అంటారు, వేటకు ముందు కూడిక అన్నమాట. ఫొటోగ్రాఫర్లకు అది పండుగే. మంచు, పాత రాతి ఇళ్లు, ఎర్రకోటు. ఎలా తీసినా బొమ్మ బాగానే వస్తుంది. పత్రికలవాళ్లు దానికింద 'పల్లె సంప్రదాయం' అని రాసేస్తారు.

ఆ పల్లెలో పనిచేసేవాడు మాత్రం ఆ బొమ్మలో ఉండడు. వేట సాగిన రోజుల్లో గుంటనక్క రాత్రి మేతకు పోయినప్పుడు దాని బొరియల నోళ్లు మట్టితో మూసినవాడు కూలివాడు. పగలు అది ఎక్కడో దూరితే చిన్నజాతి కుక్కను లోపలికి వదిలి, పార పట్టుకు తవ్వినవాడూ వాడే. చచ్చిన పశువులను కోసి వేటకుక్కలకు మేపేవాడు ఇంకొకడు. దొర చేతికి మట్టి అంటదు.

ఇది ఈనాటి సంగతి కాదు. 1671 చట్టం ప్రకారం ఏటా 100 పౌన్ల రాబడి వచ్చే సొంత భూమి ఉంటే తప్ప కుందేలును చంపే హక్కు లేదు. 1828 చట్టం రాత్రిపూట దొంగవేటకు మూడోసారి పట్టుబడ్డవాణ్ణి ఏడేళ్లు సముద్రాలు దాటించింది. కౌలురైతు తన చేలో పైరు మేసే కుందేలును తాను చంపుకునే హక్కు చట్టంలో దక్కింది 1880లో! అంతదాకా పంట వాడిది, దాన్ని మేసే జంతువు దొరది.

ఆ దొరలే ఈ ఆటను మనదేశానికీ తెచ్చారు. నీలగిరుల్లో వాళ్ల గుంటనక్క లేదు గనుక 'ఊటీ హంట్' పేరుతో మన నక్కల వెంటపడ్డారు. అదే మద్రాసు ప్రెసిడెన్సీలో 1882 అటవీ చట్టం గిరిజనుడి పోడుకూ, మేపుకూ, వేటకూ అడ్డుగోడ కట్టింది. ఒకడు చేస్తే వినోదం, ఇంకొకడు చేస్తే నేరం. 1922-24 మన్యం తిరుగుబాటుకు ఆ అడవి ఆంక్షలు ఒక కారణమని మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక వాదోపవాదాల మాట. ప్రభుత్వం వేసిన బర్న్స్ విచారణ సంఘం 2000లో, కుక్కలు తరమడం గుంటనక్క సంక్షేమాన్ని తీవ్రంగా దెబ్బతీస్తుందని తేల్చింది. వేట సంఘాల కింద నేరుగా పనిచేసేవాళ్లు సుమారు 700 మంది, దాని మీద ఏదోవిధంగా ఆధారపడ్డ ఉద్యోగాలు 6,000 నుంచి 8,000 అనీ లెక్క చెప్పింది. ఆ కొద్దిమంది బతుకుల్ని చిన్నచూపు చూడటం మాకిష్టం లేదు. కాని 2002 సెప్టెంబరు 22న 'స్వేచ్ఛ, జీవనోపాధి' అంటూ లండన్ వీధుల్లో నడిచిన నాలుగు లక్షల మందీ గుర్రపు దొరలేనా? ముందటేడు గాలికుంటు వ్యాధిని అణిచే పేరుతో 60 లక్షలకు పైగా పశువులను చంపేశారు. 1994లో పాల మార్కెటింగు బోర్డును ఎత్తేశాక చిన్నరైతుకు బేరమాడే బలం పోయింది. వాడి కడుపుమంట నిజం. ఆ మంటను తెలివిగా తమ ఆట కాపాడుకునేందుకు వాడుకున్నారు భూస్వాములు. పాలధర కోసం అంత ఊరేగింపు వాళ్లెన్నడైనా తీశారా?

ప్రభువుల సభ ఒప్పుకోకపోయినా, పార్లమెంటు చట్టం ప్రయోగించి 2004లో వేట నిషేధ చట్టాన్ని నెగ్గించారు. ఇంగ్లండు, వేల్సుల్లో 2005 ఫిబ్రవరి 18 నుంచి అమలు. మరి మీట్లు ఆగాయా? ఆగలేదు. గుంటనక్క వాసన పూసిన గుడ్డను ముందే ఈడ్చుకుపోయి, కుక్కలు ఆ జాడ పట్టుకు పరుగెడతాయనీ, జంతువును చంపబోమనీ చెబుతారు. దానిపేరు 'ట్రెయిల్ హంటింగు'. దారిలో అసలు నక్క తగిలితే 'పొరపాటున జరిగింది' అంటారు.

ఇక్కడే కెమెరా పనికొచ్చింది. సంతవీధిలో బొమ్మలు తీసే కెమెరా కాదు, పొదల వెనక నిలబడ్డ కెమెరా. వేటను అడ్డుకునేందుకు 1963లో పుట్టిన సంఘంవాళ్లు చలిలో, వానలో మైళ్లకొద్దీ నడిచి చిత్రాలు తీస్తారు. తన్నులూ తింటారు. 2020లో వేటపెద్దలు లోపల మాట్లాడుకున్న వీడియోలు బయటికొచ్చాయి. కింది కోర్టు 2021లో ఒక పెద్దను దోషి అంది, 2022లో అప్పీలులో ఆ తీర్పు కొట్టివేశారు. ఈలోగా 2021లోనే నేషనల్ ట్రస్టు సభ్యులు తమ భూముల్లో ట్రెయిల్ హంటింగు వద్దని ఓటు వేశారు. దాన్నీ నిషేధిస్తామని లేబర్ పార్టీ 2024 ఎన్నికల ప్రణాళికలో రాసింది.

నిషేధం సబబే. అయితే నక్క బతికినంత మాత్రాన భూమి చేతులు మారదు. ఇంగ్లండు భూమిలో సగం, జనాభాలో నూటికి ఒక్కరికంటే తక్కువమంది చేతుల్లో ఉందని గై ష్రబ్‌సోల్ అనే రచయిత 2019లో లెక్కగట్టాడు. ఎర్రకోటు విప్పినా ఆ కాగితాలు పెట్టెలో భద్రం.

చిన్నరైతుకు ఇంకో చిక్కుంది. 2003 నుంచి చచ్చిన పశువును సొంత పొలంలో పూడ్చకూడదు, డబ్బిచ్చి మోయించాలి. చాలాచోట్ల వేట సంఘంవాళ్లే, కుక్కల మేత కోసం, చవకగా వచ్చి తీసుకుపోయేవారు. ఇద్దరు ముగ్గురు కూలీలతో పాడి నడిపేవాడికి ఆ సాయం చిన్నది కాదు, వేటను వాడు గట్టిగా కాదనలేకపోవడానికి అదీ ఒక కారణం. కుక్కలశాలలు మూతపడితే చచ్చిన ఆవును ఎవరు మోస్తారో, ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారో నిషేధం కోరేవాళ్లే ముందుగా చెప్పాలి.