వేలికి తెలిసే టక్కు



కొన్నేళ్ళ క్రితం జోలార్పేటలో మా వీధి చివర ఒక పెద్దాయన ఉండేవారు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. చూపు బాగా తగ్గిపోయింది, రేడియోయే తోడు. పాత సెట్టు మూలపడితే కొడుకు కొత్తది తెచ్చిచ్చాడు. రెండో రోజే నాకు కబురొచ్చింది.

"అయ్యవారూ, ఈ నాబు తిప్పితే వేళ్ళు నొప్పెడుతున్నాయి. ఒక టక్కు తిప్పబోతే రెండు పోతున్నాయి. పాతదానిలా మెత్తగా తిరిగేట్టు చేయకూడదా?"

పాత సెట్టులో నాబు తిప్పితే దారం కదిలి, ఆ దారం గ్యాంగు కండెన్సరును తిప్పేది. కొన్నిటిలో ఇరుసుకు బరువైన చక్రం కూడా ఉండేది. ఒక్క విసురు విసిరితే ముల్లు సగం బ్యాండు దాటిపోయేది! కొత్త సెట్టులో ఉండేది ఎన్‌కోడర్. అందులో రెండు కాంటాక్టులు ఒకదాని తర్వాత ఒకటి తగులుతాయి. ఏది ముందు తగిలిందో చూసి ఎటు తిప్పామో సెట్టు తెలుసుకుంటుంది. మరి ఆ టక్కు? దానికీ కరెంటుకూ సంబంధం లేదు. గుంటలున్న చక్రం మీద ఒక రేకు స్ప్రింగు బొడిపె పడుతూ లేస్తూ ఉంటుంది, అంతే.

కాబట్టి ఆ స్ప్రింగు తీసేస్తే సరి అనుకున్నాను. బ్యాటరీలు తీసి, టంకం కరిగించి ఎన్‌కోడర్‌ను బయటికి తీశాను. పై రేకుకు నాలుగు చెవులుంటాయి. వాటిని సన్నని స్క్రూడ్రైవరుతో నెమ్మదిగా లేపాలి. రెండు మూడుసార్లు వంచితే విరుగుతాయి, జాగ్రత్త. స్ప్రింగు తీసి, ఇరుసుకు మాత్రం చిక్కటి సిలికాన్ గ్రీజు రవ్వంత రాశాను. కాంటాక్టులకు అంటితే కరెంటు అందదు. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె పొయ్యకండి, చలికాలం గడ్డకడుతుంది.

నాబు వెన్నలా తిరిగింది. పెద్దాయన సంతోషించారు, ఒక్క పూట. సాయంత్రం వెళితే ముఖం చిన్నబుచ్చుకుని కూర్చున్నారు.

"విజయవాడ దొరకలేదయ్యా."

అప్పుడుగానీ నాకు తట్టలేదు. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్ లెక్కన ఉంటుంది. ఆయన సెట్టులో ఒక టక్కుకు 9. చెన్నై 720, హైదరాబాదు 738, విజయవాడ 837. చెన్నైని గొంతు బట్టి పోల్చుకుని, అక్కడినుంచి రెండు టక్కులకు హైదరాబాదు, పదమూడింటికి విజయవాడ అని ఆయన వేళ్ళతో లెక్కపెట్టుకుంటున్నారు. వేళ్ళు నొప్పెట్టినా సరే! నేను నొప్పితోపాటు లెక్కను కూడా తీసేశాను. పైగా ఆపే గుంట లేకపోయేసరికి ఇరుసు సరిగ్గా కాంటాక్టు అంచున నిలిచి, చెయ్యి వణికినప్పుడల్లా అంకె అటూ ఇటూ గెంతుతోంది.

మర్నాడు మళ్ళీ విప్పాను. దాచిపెట్టిన స్ప్రింగును తీసి, బొడిపె ఉన్న కొసను గోటితో కొద్దిగా, నిజంగా కొద్దిగానే, పైకి వంచి బిగించాను. టక్కు ఉంది, బిగువు తగ్గింది. నాబును కూడా మార్చి పెద్దది వేశాను. నాబు వెడల్పయితే అదే స్ప్రింగు వేలికి మరింత తేలిగ్గా తోస్తుంది.

పెద్దాయన కళ్ళు మూసుకుని తిప్పారు. పెదవులు కదులుతున్నాయి. పదకొండు, పన్నెండు, పదమూడు. ఆగారు. తెలుగు వినిపించింది.