చిన్న వీడియో: తీయుట, పంపుట



నేటి సాయంకాలము నేను ముచ్చటింపబోవు విషయము మీ యిండ్లలో పిల్లల చేతులయందు నిత్యము మెదలుచున్నదే. అరనిమిషమో, నిమిషమో నిడివి గల కదలుబొమ్మను ఫోనులో తీసి, దానిని అప్పటికప్పుడే పొరుగూరికిని, పొరుగుదేశమునకును పంపు పని అది. పిల్లలు దానిని వీడియో యందురు. మనమును అట్లే యందము. కొత్త పేరు పెట్టుటవలన ప్రయోజనము లేదు. “ఇది కుఱ్ఱవాండ్ర ఆట, మనకేల?” యని మీలో కొందరు తలపవచ్చును. నేనును చాలకాల మట్లే తలచితిని. 2024వ సంవత్సరము సెప్టెంబరు నెలలో కృష్ణకు పెద్దవరద వచ్చిన నాటి రాత్రి నా తలపు మారినది. ఆ సంగతి పిమ్మట మనవి చేసెదను. ముందుగా ఈ వస్తువు ఎట్టిదో తెలిసికొందము.

సినిమా తెరమీద బొమ్మ నిజముగా కదలుట లేదనియు, సెకనుకు 24 నిశ్చలచిత్రములు వరుసగా పడుచుండగా మన కన్నే వానిని కలిపి కదలికగా గ్రహించుచున్నదనియు మీ రెఱుగుదురు. ఫోను సాధారణముగా సెకనుకు 30 చిత్రములు తీయును. అరనిమిషమునకు 900 చిత్రములైనవి. ఒక్కొక్క చిత్రము చుక్కల కూర్పు. ఒక వైపున 1920, మఱియొక వైపున 1080 చుక్కలు పేర్చినచో, ఒక్క చిత్రమునకే 20 లక్షలకు పైబడును. ఇన్ని చుక్కలను ఉన్నవి యున్నట్లు పంపవలెనన్న మోయరాని బరువగును గదా! కావున ఫోను ఒక యుపాయము చేయును. ఒక చిత్రమును పూర్తిగా వ్రాసికొని, దాని వెనుక వచ్చు చిత్రములలో మారిన భాగములను మాత్రమే వ్రాసికొనును. నడుమ నడుమ మరల నొక పూర్తి చిత్రము. తోలుబొమ్మలాటలో తెర మారదు, దీపము మారదు. బొమ్మ చేయి యాడును. ఆడినంతవరకు వ్రాసికొన్న చాలును.

అందుచేతనే గోడముందు నిలిచి మాటలాడు మనిషి వీడియో తేలికగా నుండును. గాలికి ఊగు అరటితోట వీడియో, ప్రతి యాకును కదలును గనుక, బరువెక్కును. వాట్సాపు వంటి సాధనములు పంపునపుడు ఆ బరువును ఇంకను తగ్గించును. అపుడు కదలిక హెచ్చుగా నున్నచోట బొమ్మ అలికినట్లగును. తీయువాని చేయి వణకినచో, చిత్రమంతయు కదలినట్లే లెక్క. ఉన్న బరువంతయు ఆ వణకును వ్రాయుటకే సరిపోవును. మోచేతులను ప్రక్కలకు ఆనించియో, చెట్టునకో గోడకో వీపు చేర్చియో తీయుమని పిల్లలకు చెప్పుటకు కారణ మిదియే. తీసినది తీసినంత తేటగా నవతలివానికి చేరవలెనన్న, వాట్సాపులోనే దానిని బొమ్మగా గాక డాక్యుమెంటుగా పంపు మార్గము కలదు. బరువు హెచ్చును గాని తేట తగ్గదు.

తీయు విధమునకు ఒక యుదాహరణము చెప్పెదను. బాపట్ల చెంత నాకు దూరపు బంధువొకడు వ్యవసాయము చేయుచున్నాడు. బాపట్లలోనే రూపొంది, 1986లో రైతులకు విడుదలయైన బీపీటీ 5204 వరి, అనగా మనము సాంబమసూరి యని పిలుచునది, అతడు వేసెను. ఆ వరికి దోమపోటు భయము హెచ్చు. చేను అక్కడక్కడ పండుబారినట్లు కనబడగా, అతడు గట్టుమీద నిలిచి చేనంతయు కలయజూపుచు రెండు నిమిషముల వీడియో తీసి వ్యవసాయాధికారికి పంపెను. “చేను బాగున్నది, ఏమి చూడుమందువు?” అని ఆయన మరల నడిగెను. తప్పు అధికారిది కాదు. దోమ ఆకులమీద నుండదు. నీటికి కొంచెము పైగా దుబ్బు మొదట పట్టి రసము పీల్చును. మఱునాడు రైతు మరల తీసెను. ముందుగా ఐదారు సెకనులు చేను, పిమ్మట ఎండినచోటు, అటుపిమ్మట దుబ్బును చేతితో విడదీసి, మొదలు చూపి, పురుగు పరిమాణము తెలియుటకు ప్రక్కన వ్రేలు నుంచెను. నోటితో ఊరి పేరు, తేదీ, నాటు వేసి ఎన్ని దినములైనదియు చెప్పెను. ముప్పది సెకనులు. సమాధానము ఆ పూటనే వచ్చినది.

ఇందులో తీయు విద్య చాలవఱకు కలదు. దూరమునుండి దగ్గరకు పోవలెను. ఎండ తీయువాని వీపున నుండవలెను. ఎదుట నున్నచో మనిషి మొగము మసియగును. సముద్రపు గాలి వీచు సూర్యలంక ఒడ్డున మాటలాడువారు, ఫోనును నోటికి దగ్గరగా నుంచుకొననిచో, గాలి హోరు తప్ప నేమియు వినబడదు. ఫోనులలోనే చూడదగిన చిన్న వీడియోలను నిలువుగా పట్టి తీయుదురు. చేను, కాలువ, కట్ట వంటి వెడల్పైన వానిని అడ్డముగా పట్టి తీయుట మేలు. స్త్రీలను, పిల్లలను అడుగక తీయరాదను మాట మీ యెదుట నేను చెప్పనక్కరలేదు.

నిడివి యెంత? యూట్యూబులో మొట్టమొదట ఎక్కిన వీడియో 2005 ఏప్రిల్ 23 నాటిది. 19 సెకనులు మాత్రమే. ఒక యువకుడు జంతుప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలిచి, వాని తొండములు పొడవని చెప్పును; అంతియే. చిన్న వీడియోలకు మన దేశమున పెద్ద వాడుక తెచ్చిన టిక్‌టాకును 2020 జూన్ 29న ప్రభుత్వము నిషేధించినది. ఆ లోటున రీల్సు, షార్ట్సు అనునవి వచ్చినవి. షార్ట్సునకు మొదట నిమిషము హద్దు. 2024 అక్టోబరు నుండి మూడు నిమిషములు. హద్దు నిండువఱకు తీయవలెనను నియమము లేదు.

తెనాలి ప్రాంతము వారికి ఈ విషయమున ఒకరి పేరు చెప్పకుండుట న్యాయము కాదు. తెనాలికి చేరువనే గుడివాడ యను పల్లె కలదు. కృష్ణాజిల్లా గుడివాడ వేరు. అక్కడ మస్తానమ్మ యను ముదుసలి యుండెను. 2016లో ఆమె మునిమనుమడు లక్ష్మణ్, అతని మిత్రుడు శ్రీనాథరెడ్డి ఆమె వంట చేయుచుండగా తీసి యూట్యూబులో పెట్టసాగిరి. అప్పటికే ఆమెకు నూఱేండ్లు దాటినవని చెప్పుదురు. ఆరుబయట కట్టెలపొయ్యి, నేలమీద కూర్చుండి కూరలు తరుగుట, పుచ్చకాయను తొలిచి అందులో కోడికూర వండుట. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూయునాటికి ఆ వీడియోలను వరుసగా చూచుటకు పేరు నమోదు చేసికొన్నవారు 12 లక్షలకు మించిరి. వారిలో తెలుగు రానివారే యెందఱో!

ఆ వీడియోలు అరనిమిషపువి కావు, కొన్ని నిమిషములవి. అయినను నేను వానిని పదేపదే చూచితిని, ఏలయన చిన్న వీడియో తీయువారు నేర్వవలసినది వానిలో నున్నది. ఆమె చేయి యెక్కడనో బొమ్మ యక్కడనే. నూనె చిటపట వినబడును. పొయ్యి, చెట్టు, వెనుకనున్న పొలము అన్నియు చూచువానికి కనబడుచునే యుండును. ఇది ఏదో యొక వంటశాల యని ఎవ్వడును పొరబడడు. వంట మొదలు చూపిరి, తుదిని తినుటయు చూపిరి. వీడియోను చూచినవానికి ఇది యెవరు, ఇది యెక్కడ అను సందేహము రాదు. చెప్పుటకు సులభముగా నున్నది గాని, నేడు మన ఫోనులకు వచ్చు వీడియోలలో వేటికి ఈ గుణము కలదో మీరే లెక్కింపుడు.

మన పెద్దలు ఉత్తరము వ్రాయునపుడు మొదట ఊరు, తేది వేసెడివారు. దస్తావేజున తేదియు, సాక్షుల సంతకములును వేయుదురు. వీడియో మాట యేమి? తీసినపుడు ఫోను తేదిని, వేళను లోపల గుప్తముగా వ్రాసికొనును. అనుమతి యిచ్చినచో తావును వ్రాసికొనును. కాని వాట్సాపులో పంపునపుడు ఆ వ్రాత సాధారణముగా జారిపోవును. అందుకొన్నవాని ఫోనులో కనబడు తేది అందుకొన్న తేది. ఇది చాలమంది యెఱుగని సంగతి. పదియేండ్లనాటి తుపాను నేడు చేరినచో నేటి తుపానుగానే కనబడును.

ఇంతకంటె ఘోరమైనది కత్తెర. వీడియో మొదలును, తుదిని కత్తిరించుటకు ప్రతి ఫోనులోను సాధనము కలదు. అనవసరమైన భాగమును తీసివేయుటకు అది మంచిదే. 2018లో ఏమి జరిగినదో వినుడు. పాకిస్తానములోని కరాచీలో, తప్పిపోయిన పిల్లల కొఱకు పాటుపడు సంస్థ యొకటి అంతకుముందే ఒక ప్రచార చిత్రము తీయించియుండెను. మోటారుసైకిలుమీద ఇద్దఱు వచ్చి వీధిలో నాడుకొను పిల్లవానిని ఎత్తుకొనిపోవుదురు. మరల వెనుకకు వచ్చి పిల్లవానిని దింపి, పిల్లలను జాగ్రత్తగా చూచుకొనుడని వ్రాసిన పలకను చూపుదురు. ఎవరో యా తుదిభాగమును కత్తిరించిరి. మిగిలిన ముక్క మన దేశమున పిల్లలనెత్తుకొనిపోవు దొంగల నిజదృశ్యముగా ఫోను నుండి ఫోనునకు పాకినది. ఇట్టి వీడియోలు, వదంతులు కలిసి 2018 మే నెలలో తెలుగు రాష్ట్రములు రెంటను దారినపోవువారిని, బిచ్చమెత్తువారిని కొట్టించినవి. తెలంగాణమున ప్రాణములు పోయినవి. ఆ జూలై 1న మహారాష్ట్రము ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని చంపిరి. కత్తిరించినది కొద్దిసెకనుల ముక్క.

నేనును అట్టివాడనే యని యిప్పుడు చెప్పవలసి వచ్చినది. 2024 సెప్టెంబరు 2వ తేదిన ప్రకాశం ఆనకట్ట వద్ద వరద 11 లక్షల 43 వేల క్యూసెక్కులకు చేరినది. 2009 నాటి వరదను మించినది. కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలములలో లంకలు మునిగినవి. కరకట్టవెంట జనులు ఇసుకమూటలు వేయుచు రాత్రింబవళ్లు కావలి యుండిరి. మా అక్కగారి యిల్లు రేపల్లె ప్రాంతమున కరకట్టకు దిగువ గ్రామమున కలదు. ఆ రాత్రి పదిగంటలకు నా ఫోనునకు ఒక వీడియో వచ్చినది. కట్ట తెగి నీరు ఉరుకుచున్నది, జనులు కేకలు వేయుచున్నారు, ఇరువది సెకనులు. ఊరు లేదు, పేరు లేదు. నేను రెండవమారు చూడలేదు. “మన కట్టయే కాబోలు, వెంటనే బయలుదేరుడు” అని వ్రాసి బంధువులందఱకు పంపితిని.

మా బావగారికి డెబ్బదియెనిమిదేండ్లు. చీకటిలో వానలో పశువులను విప్పుకొని బయలుదేరి, వాకిటిలోనే జారిపడినారు. తుంటియెముక విరిగినది. కట్ట తెగలేదు. తెల్లవారిన పిదప ఆ యూరి కుఱ్ఱవాడొకడు కట్టమీద నిలిచి వీడియో తీసి పంపెను. ముందుగా బడి పేరు వ్రాసిన గోడ చూపి, “నేడు మంగళవారము, ఉదయము ఏడుగంటలు, కట్ట నిలిచియున్నది, నీరు రాత్రికంటె జానెడు తగ్గినది” అని పలికి, నీటిగుర్తును దగ్గరగా చూపెను. పదునైదు సెకనులు. దానిని చూచి ఊరివారు ఇండ్లకు మరలిరి; మా అక్కగారు మాత్రము ఆసుపత్రిలో నుండెను.

తరువాత నేను పంపిన వీడియోను నిలిపి నిలిపి చూచితిని. దూరముగా నొక దుకాణపు పలక కనబడినది. దానిమీది అక్షరములు తెలుగు కావు. చూచుటకు నాకు పట్టినది అరనిమిషము.

ఈ పలకలు, వాహనముల సంఖ్యలు, మాటలాడువారి యాస, నీడ పడిన దిక్కు, ఇవియే అందుకొన్నవానికి సాక్షులు. ఇప్పుడు తీయకయే యంత్రముచేత కల్పించిన వీడియోలును తిరుగుచున్నవి గనుక, సాక్షులు లేనిచో పంపినవానిని ఫోనుచేసి అడుగుట తప్ప మార్గము లేదు. వాట్సాపు వారు కొన్ని కట్టుబాట్లు పెట్టిరి. 2018 జూలైలో మన దేశమున ఒకరికి వచ్చినదానిని ఒకేమారు ఐదింటికంటె హెచ్చుచోట్లకు పంపకుండ చేసిరి. ఐదు చేతులు మారి వచ్చిన దానికి రెండు బాణముల గుర్తు వేయుదురు. 2020 ఏప్రిల్ నుండి అట్టిదానిని ఒక్కమారు ఒక్కచోటికే పంపవీలగును. నాకు వచ్చిన వీడియోమీద ఆ రెండు బాణము లుండెను. ఆ గుర్తు కర్థమేమో ఆనాడు నే నెఱుగను.

పంపినదానిని వెనుకకు తీసికొనవచ్చునా యని మీ రడుగవచ్చును. పంపిన వీడియోను వ్రేలితో అదిమిపట్టినచో తుడిచివేయు మార్గము కనబడును. అందులో “అందఱికిని” అనుదానిని ఎన్నుకొనవలెను. రెండు దినములకు పైగా ఈ యవకాశ ముండును. నేను మఱునాటి ఉదయముననే తుడిచితిని. మా బంధువుల ఫోనులలో అది పోయినది. వారు ఆ రాత్రియే యితరులకు పంపినవి మాత్రము పోలేదు. తుడుపు నా చేతినుండి వెడలినదానికే గాని, వారి చేతులనుండి వెడలినదానికి తగులదు. నాలుగు దినముల పిమ్మట పొన్నూరునుండి మిత్రుడొకడు అదే వీడియోను నాకు పంపి, “మీ వైపుననేనా?” యని యడిగెను.