కాలు తీయాల్సిందేనా?

మా బడిలో చదివిన ఒక పిల్లవాడి తండ్రి అమీర్‌పేటలో ఆటో నడుపుతారు. ఆయన తొడలో ఉసిరికాయంత గడ్డ లేచింది. నొప్పి లేదు కదా అని ఏడాది ఊరుకున్నారు. బత్తాయంత అయ్యాక ఒక చిన్న క్లినిక్‌లో కొవ్వు గడ్డ అని కోసి తీసేశారు, ముక్కను పరీక్షకు పంపలేదు. ఆరు నెలల్లో అదే చోట మళ్లీ పెరిగింది. ఈసారి పరీక్షలో సార్కోమా అని తేలింది. ఇంటివాళ్లు మా దగ్గరికి వచ్చి అడిగిన మొదటి మాట: "సార్, కాలు తీసేస్తారా?"

అప్పుడు మాకూ జవాబు తెలియదు. తర్వాత తెలుసుకున్నది దాతలైన మీకు చెప్పాలనిపించింది.

సార్కోమా అంటే కండ, కొవ్వు, నరాలు వంటి మెత్తటి భాగాల్లో పుట్టే క్యాన్సర్. పెద్దవారి క్యాన్సర్లలో ఇది నూటికి ఒకటి మాత్రమే. ఎక్కువగా కాళ్లలో, చేతుల్లో వస్తుంది. ఒకప్పుడు ముదిరితే కాలు తీయడమే వైద్యం. 1982లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ వైద్యులు 43 మంది రోగుల ఫలితాలు ప్రకటించారు. 16 మందికి కాలో చెయ్యో తీసేశారు. 27 మందికి గడ్డ మాత్రం తీసి రేడియేషన్ ఇచ్చారు. అందరికీ కీమో కూడా ఇచ్చారు. ప్రాణం నిలవడంలో రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

నేటి పద్ధతి ఆ దారిలోనిదే. ముందు ఎమ్మారై, సూదితో ముక్క పరీక్ష. తర్వాత సర్జన్, రేడియేషన్ డాక్టర్, కీమో డాక్టర్ కలిసి కూర్చొని నిర్ణయిస్తారు. ఆపరేషన్‌కు ముందు రేడియేషన్ ఇస్తే సాధారణంగా వారానికి 5 చొప్పున 25 సిట్టింగులు. కొందరికి కీమో కూడా. ఆపైన గడ్డను చుట్టూ కొంత మంచి కండతో సహా తీస్తారు. గడ్డ ముఖ్యమైన నరాన్నీ రక్తనాళాలనూ పూర్తిగా చుట్టేస్తే మాత్రం ఇప్పటికీ కాలు తీయక తప్పకపోవచ్చు.

దూరం మనకు సమస్య కాదు. అమీర్‌పేట తర్వాతి మెట్రో స్టేషన్ పంజాగుట్ట, అక్కడ నిమ్స్ ఉంది. లక్డీకాపూల్‌లో దిగితే రెడ్ హిల్స్‌లో 1955 నుంచి ఉన్న ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచారు. అయినా ఆ ఐదు వారాలూ ఆటో తిరగకపోతే ఇల్లు గడిచేదెట్లా? జిల్లాల నుంచి వచ్చినవారికి గది కిరాయి ఎవరు కడతారు? చికిత్సను మధ్యలో ఆపితే అప్పటిదాకా పడిన కష్టం వృథా కావచ్చు. మీ సొమ్ము ఆదుకోవలసింది అక్కడే.

ఆ ఆటో నడిపే పెద్దమనిషికి కాలు దక్కింది. కొంచెం కుంటుతారు, కానీ మళ్లీ ఆటో నడుపుతున్నారు.

మీకు ఒక్క మనవి. 5 సెంటీమీటర్లు దాటిన గడ్డ, లోతుగా ఉన్న గడ్డ, పెరుగుతున్న గడ్డ ఎవరికి కనబడినా, నొప్పి లేదని ఊరుకోనివ్వకండి. పరీక్ష కాకుండా కత్తి పెట్టనివ్వకండి. ఈ రెండు మాటలూ నలుగురికి చెప్పడం కూడా దానమే.