ఆదివారం బ్యాగ్: ఏది కొనాలి, అందులో ఏది పెట్టకూడదు

ఈ వారం ఎపిసోడ్‌లో ఆదివారం బయటికి వెళ్ళేటప్పుడు వేసుకునే బ్యాగ్ గురించి మాట్లాడుకున్నాం కదా. డ్యూటీలో ఉండి పూర్తిగా వినలేకపోయామని కొందరు అన్నారు. అందుకే అదే విషయం ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్తాను. 2016లో నేను సింగపూర్ వచ్చిన కొత్త. తువాస్ దగ్గర డార్మిటరీ. ఒక ఆదివారం ఒంటరిగా బస్సెక్కి లిటిల్ ఇండియా వచ్చాను. వీపు మీద పెద్ద నల్ల బ్యాగ్. అందులో పాస్‌పోర్ట్, వర్క్ పర్మిట్ కార్డు, ఇంటికి పంపాల్సిన ఆరు వందల డాలర్లు, అన్నీ ఉన్నాయి. డార్మిటరీలో ఎవరైనా తీస్తారేమో, నాతో ఉంటేనే భద్రం అనుకున్నాను. ఒక ఫుడ్ సెంటర్‌లో కుర్చీ మీద బ్యాగ్ పెట్టి టీ తెచ్చుకోవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి బ్యాగ్ లేదు.

రెండు గంటలు పిచ్చోడిలా తిరిగాను. చివరికి బల్లలు తుడిచే ఒక పెద్దామె పిలిచి చూపించింది. ఎవరో మర్చిపోయారనుకుని తీసి లోపల దాచిందట. ఒక్క డాలరు కూడా పోలేదు. కానీ ఆ రెండు గంటల్లో నాకు డబ్బు గుర్తుకు రాలేదంటే నమ్మండి. ఇక్కడ నేనెవరో చెప్పే కాగితాలన్నీ ఒకే జిప్పు వెనకాల పెట్టానే అన్నదే నా భయం. ఏజెంటుకు కట్టిన అప్పు ఇంకా తీరలేదు మరి.

అందుకే బ్యాగ్ ఏది కొనాలో చూసే ముందు, అందులో ఏం పెట్టకూడదో చూద్దాం.

పాస్‌పోర్ట్ బయటికి తేవద్దు

ఆదివారం షికారుకు పాస్‌పోర్ట్ అవసరం లేదు. తాళం వేసిన లాకర్‌లో ఉంచండి. తాళం చెవి మీ దగ్గరే ఉండాలి. పాస్‌పోర్ట్ మీ సొంత వస్తువు, యజమాని దాన్ని పట్టి ఉంచుకోకూడదని ఇక్కడి మినిస్ట్రీ ఆఫ్ మ్యాన్‌పవర్, అంటే మనం ఎంఓఎం అనే ఆఫీసు, స్పష్టంగా చెబుతుంది.

వర్క్ పర్మిట్ కార్డు సంగతి వేరు. అడిగినప్పుడు చూపించేలా అది మీ దగ్గర ఉండాలి. అయితే బ్యాగ్‌లో కాదు, ఒంటి మీద. ముందు జేబులోనో, చొక్కా లోపల మెడకు వేసుకునే పౌచ్‌లోనో పెట్టండి. బ్యాగ్ పోయినా కార్డు మిగలాలి. కార్డు రెండు వైపులా, పాస్‌పోర్ట్ మొదటి పేజీ ఫోటోలు తీసి ఇంట్లోవాళ్ళకు వాట్సాప్‌లో పంపి ఉంచండి. ఫోన్ కూడా పోయిన రోజున అవే దిక్కు.

డబ్బు తక్కువగా

నేను వచ్చినప్పుడు జీతం కవర్లో పెట్టి చేతికిచ్చేవాళ్ళు. 2020 నుంచి డార్మిటరీల్లో ఉండే వర్క్ పర్మిట్ కార్మికులకు జీతం బ్యాంకు ఖాతాలోనే వేయాలని రూల్ వచ్చింది. 2023 ఫిబ్రవరి 21న మన యూపీఐని ఇక్కడి పేనౌతో కలిపారు. కాబట్టి నెల జీతమంతా తీసి సెరంగూన్ రోడ్డు దాకా మోసుకొచ్చే అవసరం చాలామందికి తగ్గింది. కౌంటర్‌లోనే పంపాలనుకుంటే నేరుగా ముందు అక్కడికే వెళ్ళండి. బిర్యానీ, షాపింగ్ తర్వాత చూసుకోవచ్చు. ఖర్చులకు ముప్పై నలభై డాలర్లు జేబులో పెట్టుకుంటే చాలు.

ఇక బ్యాగ్

వీపు బ్యాగ్ కన్నా ఒంటికి అడ్డంగా వేసుకునే స్లింగ్ బ్యాగ్ మేలు. మీ కళ్ళ ముందే ఉంటుంది. కూర్చున్నప్పుడు తీసి పక్కన పెట్టాల్సిన పని లేదు. నా బ్యాగ్ పోయింది వీపు మీంచి కాదు, కుర్చీ మీంచి. తీయాల్సిన పనే లేకపోతే మర్చిపోయేదే ఉండదు.

కొనేటప్పుడు నేను చూసేవి ఇవి:

సైజు: అర లీటరు నీళ్ళ సీసా, మడత గొడుగు, ఫోన్ చార్జర్, చిన్న పర్సు పట్టాలి. అంతకన్నా పెద్దది కొంటే అనవసరమైనవన్నీ అందులో చేరతాయి. షాపింగ్ సామాన్లకు మడిచే గుడ్డ సంచి ఒకటి లోపల వేసుకోండి.

జిప్పు: షాపులోనే పదిసార్లు తెరిచి మూయండి. మూలల దగ్గర పట్టేస్తే ఆ బ్యాగ్ వద్దు. నోరు తెరిచి ఉండే హ్యాండ్‌బ్యాగులు, ఒక్క బటన్‌తో మూసేవి కూడా వద్దు. ఇళ్ళల్లో పనిచేసే అక్కలకు ఇది ముఖ్యంగా చెప్తున్నాను.

పట్టీ: బ్యాగ్‌కు పట్టీ కలిసే చోట కుట్టు చూడండి. అడ్డంగా, ఐమూలగా రెండు మూడు వరసలు కుట్టి ఉంటే గట్టిది. గట్టిగా లాగి చూడండి, షాపువాడు ఏమీ అనుకోడు.

లోపలి జేబు: ఒంటికి ఆనుకునే వైపు జిప్పు ఉన్న అర ఒకటి ఉండాలి. ఫోన్, పర్సు అందులోనే.

గుడ్డ: సింగపూర్ వాన చెప్పి రాదు, ఏ నెలైనా కురుస్తుంది. నైలాన్, పాలియెస్టర్ త్వరగా ఆరతాయి. కాన్వాస్ నానితే బరువెక్కుతుంది. ఏ బ్యాగ్ అయినా కాగితాలు మాత్రం జిప్ కవర్లో పెట్టండి.

పేరున్న కంపెనీదే కావాలని లేదు. నాది పదిహేను డాలర్లది, మూడేళ్ళు వచ్చింది.

ముస్తఫాలో, ఎంఆర్‌టీలో

ముస్తఫా సెంటర్‌లోకి వెళ్ళేటప్పుడు సెక్యూరిటీ వాళ్ళు బ్యాగ్ జిప్పులకు ప్లాస్టిక్ టై బిగిస్తారు. కొత్తవాళ్ళు పర్సు లోపలే వదిలేసి, బిల్లు కౌంటర్ దగ్గర తెల్లమొహం వేస్తారు. టై పడకముందే పర్సు, ఫోన్ తీసి జేబులో పెట్టుకోండి.

ఎంఆర్‌టీ రద్దీగా ఉంటే వీపు బ్యాగ్‌ను ముందుకు తిప్పి వేసుకోండి. స్టేషన్లలో బ్యాగ్ తనిఖీ చేయవచ్చు. కంగారు పడొద్దు, తెరిచి చూపించి వెళ్ళిపోవడమే. సైట్‌లో వాడే బ్లేడు కట్టర్ మాత్రం శనివారం రాత్రే తీసి పక్కన పెట్టండి. ఆదివారం బ్యాగ్‌లో అదెందుకుందో వివరించుకునే పని మనకొద్దు.

బ్యాగ్‌ను ఎక్కడా ఒంటరిగా వదలకండి. 2017 ఏప్రిల్‌లో ఒకాయన హౌగాంగ్ స్టేషన్‌లో బ్యాగ్ పెట్టి ఏదో పని మీద వెళ్ళాడు. అనుమానంతో స్టేషన్ అరగంటకు పైగా మూసేశారు. బ్యాగ్‌లో ప్రమాదకరమైనదేమీ లేదు, అయినా ఆయన్ను అరెస్ట్ చేశారు. ఫుడ్ సెంటర్లలో ఇక్కడివాళ్ళు బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు ఆపుకుంటారు, దాన్ని చోప్ అంటారు. మీరూ టిష్యూనే పెట్టండి, బ్యాగ్ కాదు. నేరాలు తక్కువంటే అసలు లేవని కాదని ఇక్కడి పోలీసులే చెబుతుంటారు.

ఇంకొకరి సంచి మోయవద్దు

ఇది అన్నిటికన్నా ముఖ్యం. "తమ్ముడూ, ఈ సంచి కాస్త ఫలానావాళ్ళకి ఇచ్చెయ్" అని ఎవరైనా అంటే, మన ఊరివాడైనా సరే, లోపల ఏముందో చూడకుండా తీసుకోవద్దు. మీ చేతిలో ఉన్న సంచిలో డ్రగ్స్ దొరికితే అవి మీవేనని, మీకు తెలిసే మోస్తున్నారని ఇక్కడి చట్టం ముందే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది మీరే. హెరాయిన్ 15 గ్రాములు దాటితే ఉరిశిక్ష దాకా వెళ్ళే కేసు అది. ఊరి నుంచి తిరిగొచ్చేటప్పుడు ఖైనీ, గుట్కా ప్యాకెట్లు ఉన్నాయేమో కూడా చూసుకోండి. నమిలే పొగాకు ఇక్కడికి తేవడం నిషేధం. వేప్ అయితే దగ్గర ఉంచుకోవడమే నేరం.

పోయిందనుకోండి

ముందు చివరగా కూర్చున్న చోటుకు వెళ్ళి, బల్లలు తుడిచేవాళ్ళను, పక్క షాపువాళ్ళను అడగండి. ఎంఆర్‌టీలో అయితే స్టేషన్ కౌంటర్‌లో చెప్పండి. బ్యాంకు కార్డు ఉంటే వెంటనే బ్లాక్ చేయించండి. తర్వాత పోలీస్ రిపోర్ట్. వర్క్ పర్మిట్ పోతే అదే రోజు యజమానికి చెప్పండి, కొత్త కార్డుకు ఎంఓఎంలో అప్లై చేయాలి. తిడతారని దాచిపెడితే మనకే చిక్కు. పాస్‌పోర్ట్ పోతే రిపోర్ట్ తీసుకుని భారత హైకమిషన్‌కు వెళ్ళాలి. ఏం చేయాలో తోచకపోతే మైగ్రెంట్ వర్కర్స్ సెంటర్ హెల్ప్‌లైన్ 6536 2692కు రాత్రీ పగలూ చేయవచ్చు. ఈ నంబరు ఫోన్‌లోనే కాదు, చిన్న కాగితం మీద రాసి జేబులో కూడా పెట్టుకోండి.

ఆ రోజు బ్యాగ్ తిరిగిచ్చిన పెద్దామెకు ఇరవై డాలర్లు ఇవ్వబోయాను. తీసుకోలేదు. బ్యాగ్ వైపు చూపించి, తర్వాత నా గుండె వైపు చూపించి, ఇక్కడ వేసుకో అన్నట్టు సైగ చేసింది. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. కానీ ఆ ఒక్క సైగలో ఆమె చెప్పిందే ఇవాళ ఇంత పొడుగున మీకు రాశాను.

ఈ శనివారం రాత్రి పడుకునే ముందు మీ బ్యాగ్ మంచం మీద బోర్లించి చూడండి. రేపు పోతే బతుకు ఆగిపోయే వస్తువు ఏదైనా అందులో ఉంటే, దాన్ని తీసి లాకర్‌లో పెట్టి తాళం వేయండి. వచ్చే వారం కలుద్దాం. జాగ్రత్త.