ముంజెకాయ బండి నేర్పిన మాటలు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడగా, అంతవరకు మద్రాసు రాజధానిలో ఉన్న గంజాం జిల్లాలో అధికభాగం అందులో కలిసింది. పాత్రపూర్ పరిసరాలు ఒరిస్సాలో, ఇచ్ఛాపురం మద్రాసులో నిలిచాయి. పాలన మారినా పిల్లల ఆటవస్తువులకు సరిహద్దు లేకపోయింది.

వేసవిలో ముంజెలు తిన్నాక మిగిలిన రెండు తాటికాయ బుర్రలే చక్రాలు. వాటి నడుమ పుల్ల గుచ్చితే ఇరుసు. పంగల కర్రతో ఆ ఇరుసును నెట్టితే బండి. తాటాకు ముక్కలను తుమ్మముల్లుకు గుచ్చి గాలికెదురుగా పరుగెత్తితే గిరక తిరిగేది. ఆకురెక్కలు ఏటవాలుగా ఉండటం వల్ల గాలి వాటిని పక్కకు త్రోస్తుంది. నడుమనున్న ముల్లు వాటిని కదలిపోనివ్వదు గనుక ఆ త్రోపు భ్రమణంగా మారుతుంది.

అల్లరికీ పాఠాలుండేవి. జీడితోటలో దొంగచాటుగా పిక్కలు కొట్టిన చేతులకు సొన అంటి బొబ్బలెక్కేవి. ఇంట్లో నేరం రుజువు కావడానికి వేరే సాక్షి అక్కరలేదు.

నేడు అంగడిలో ప్లాస్టిక్ బొమ్మలు చౌకగా దొరుకుతున్నాయి. అయితే కనుమరుగవుతున్నది బొమ్మ ఒక్కటే కాదు. బడిలో ఒడియా చదివే తెలుగు పిల్లలకు ఇరుసు, పంగ, గిరక వంటి మాటలు పాఠ్యపుస్తకంలో దొరకవు. అవి తాత చేతిపని చూస్తూ నేర్చుకోవలసినవి.

వచ్చే వేసవిలో ముంజెలు తిన్న పిదప బుర్రలను పారవేయక మనుమల చేతికి ఇవ్వవచ్చు. కత్తి పెద్దల చేతిలోనే ఉండాలి. మాట మాత్రం పిల్లల నోట నిలవాలి.